ఓబులమ్మవ్వ సాంబ్రాణి

ప్రతి ఇంటి గోడకూ గాలిని శుభ్రం చేసి ఊదే గాలికాపరి పెట్టె వచ్చిన కాలమది. పోపులో మిరపకాయ మాడితే చాలు, పొరుగూరికి వినబడేలా కేకలేసేది. అయినా ఓబులమ్మవ్వ మునిమనవడికి లాలపోసి, తడి జుట్టు ఆరాలని నిప్పుల మీద సాంబ్రాణి చల్లింది.

"పొగ! పసివాడి ఊపిరికి ముప్పు!" అని అరిచింది పెట్టె.

"నోర్ముయ్! వీడి తాతనూ ఈ పొగతోనే పెంచినా."

"అందుకేనేమో అవ్వా, నాయన ఏడాది పొడుగునా దగ్గుతుంటాడు," అంది పిల్లాడి తల్లి, అవ్వ మనవరాలు హరిత.

అంతలో పిల్లాడు ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. అవ్వ గబగబా కుంపటిని పెరట్లోకి నెట్టేసి, వాణ్ణి పెట్టె ముందు ఎత్తిపట్టుకుంది.

"అయితే నువ్వే ఆరబెట్టు నాయనా."

పెట్టె గోరువెచ్చని గాలి ఊదింది. జుట్టు ఆరింది, పిల్లాడు హాయిగా నిద్రపోయాడు. మురిసిపోయిన అవ్వ పెట్టెకు కాటుకతో దిష్టిచుక్క పెట్టింది.

"మసి! మసి!" అని మళ్లీ మొదలెట్టింది పెట్టె.

"అరవాకురా, బిడ్డ లేస్తాడు. అది నీ మంచికే!"