అది సంఘానికి

ఆ రోజు ఇంట్లో పాస్టరైన మా నాన్న, అమ్మ, నేను ఉన్నాం. బావ కొట్టిన దెబ్బకు చెంప వాచిన అక్క, ఆమెను తీసుకుపోవడానికి వచ్చిన బావ కూడా ఉన్నారు.

“దీర్ఘశాంతం ఆత్మఫలమని బైబిల్ చెప్తోంది తల్లీ. ఓర్చుకుని వెళ్ళు,” అన్నాడు నాన్న.

అక్క సంచి అందుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“మరి క్రోధం శరీరకార్యమని, పాపమని కూడా అందులోనే ఉంది కదా? బావకి చెప్పవేం నాన్నా?”

“మరదలికి నోరెక్కువే!” బావ నవ్వాడు.

“మొన్న ఆదివారం చర్చిలో బల్ల గుద్ది మరీ చెప్పావుగా నాన్నా!”

“అది సంఘానికే! ఇంటల్లుడికి చెప్తామా?” నాన్న అరిచాడు.

అమ్మ తలెత్తి ఆయన్నే చూసింది. అక్క సంచి కింద పెట్టేసింది.

“నేనూ సంఘంలో కూర్చునే విన్నాను నాన్నా. నేను వెళ్ళను.”

“అంతా నీవల్లే!” అంటూ నాన్న నన్ను రెక్క పట్టి బయటికి నెట్టి, తలుపు వేసేశాడు.