పరాయి పుప్పొడి

"కప్పు బల్ల మీద పెట్టకండి, మరక పడుతుంది. ఏళ్లు లెక్కపెట్టడం అయిపోయిందిగా, దీనికి కూడా ఓ పని ఉండనీండి," అంటూ భార్య గుండ్రటి చెక్కముక్కను ముందుకు జరిపింది.

ఆచార్యుడు చూడకుండానే టీ కప్పును దాని మీద దించాడు. కొండ మీది పూలచెట్ల వయసు చెప్పాలని అక్కడ క్వారీ తవ్వబోతున్న సంఘం పట్టుబట్టడంతో, మనసొప్పకపోయినా పోయిన నెల ఒకదాన్ని కొట్టించక తప్పలేదు. బక్కదీ వంకరదీ చూసి కొట్టమని కొండ కాపలాదారుకు ఫోనులోనే చెప్పాడు. అతను ఒక వైపు నున్నగా చిత్రికపట్టి పంపిన ముక్క మీద వలయాలు లెక్కపెట్టి, ఆ సంగతి అంతటితో మరిచాడు.

ఇప్పుడు ఆయన చూపంతా ఎదుట కూర్చున్న శిష్యురాలి మీదే ఉంది. ఒళ్లో కంప్యూటరు తెరిచి ఉన్నా ఆమె పెదవి విప్పడం లేదు.

"చెప్పమ్మా. నాన్చకు."

"రెండు నెలల కింద ఎర్రరంగుతో నంబరు వేసి కోసుకొచ్చిన ప్రతి చెట్టు ఆకూ పరీక్షించాం సార్. దాదాపు అన్నీ ఒకటే. ఒక్క తల్లి చెట్టు వేళ్ల నుంచి పిలకలేసుకుంటూ కొండంతా పాకినట్టుంది."

నగరంలో వీధివీధినా నిలబడ్డ ఆ గులాబిరంగు పూలచెట్లన్నీ ఆ కొండ నుంచి తెచ్చిన కొమ్మలే. విరగబూస్తాయి, కాయ మాత్రం ఎవరూ చూడలేదు. రోడ్లు ఊడ్చేవాళ్లకు అందుకే అవంటే ప్రాణం. తన పుప్పొడి తనకే పనికిరాని జాతి అది. కొండ మీద కూడా అన్నీ ఒకటే అయితే ఆ అడవికి విత్తనమే లేదు. అలాంటప్పుడు క్వారీని ఆపమని ఏ మొహం పెట్టుకుని అడగడం? 'కొమ్మ పాతితే వచ్చే చెట్టుకు కొండెందుకండీ' అని సంఘం అధ్యక్షుడు ముందే దెప్పాడు. ఇరవై ఏళ్లుగా కాళ్లరిగేలా ఎక్కిన కొండ అది.

"దాదాపు అన్నావు," అన్నాడు ఉన్నట్టుండి.

"ఒక్కటి కలవడం లేదు సార్. నా చేతిలోనే పొరపాటు జరిగిందేమోనని మళ్లీ మళ్లీ చేశాను. అనుమానం లేదు, అది వేరే చెట్టు. ముప్పైయొకటో నంబరుది."

"దాని పుప్పొడి?"

"మిగతావాటికి సరిగ్గా సరిపోతుంది. చేత్తో అద్దినా చాలు, కొండంతా కాయ కాస్తుంది."

"ఇంత మాట కడుపులో దాచుకుని ఇందాకటి నుంచి నా ప్రాణం తోడావా?"

"టీ తాగాక చెబుదామనుకున్నా సార్. పొలమారుతుందని."

భార్య నవ్వింది. "మా అబ్బాయి పుట్టినప్పుడు కూడా ఈయన ఇంత కంగారు పడలేదమ్మా. ఆ రోజూ కొండ మీదే ఉన్నారు."

ఆయన వెంటనే అధ్యక్షుడికి ఫోను చేశాడు. అవతల అధ్యక్షుడు అంతా విన్నాడు.

"ఒక్క చెట్టు కోసం క్వారీ ఆపమంటారు."

"ఆ ఒక్కటీ ఉంది కాబట్టే ఆపమంటున్నాను."

"సరే. కానీ కాగితం మీద చెట్టు నాకొద్దు. పొద్దున్నే కొండ దగ్గరికొస్తాను. కళ్లారా చూపిస్తే ఆపుతాను. లేకపోతే మధ్యాహ్నానికి యంత్రాలు ఎక్కుతాయి. తరవాత నన్ననకండి."

"చూపిస్తాను," అన్నాడు ఆచార్యుడు. అంత గట్టిగా ఆయన ఒక మాట అని ఎన్నో ఏళ్లయింది.

అది పెట్టేసి కాపలాదారుకు ఫోను చేశాడు. రాత్రికి ఆ చెట్టు దగ్గర మనిషిని ఉంచాలి. క్వారీవాళ్లను నమ్మడానికి లేదు. లైను కలవడం లేదు.

"అతను కొండ ఎక్కితే సిగ్నల్ ఉండదు కదా సార్," అంది శిష్యురాలు. "మనమే వెళ్దాం పదండి."

"పద. కారు నువ్వు నడుపు, దారిలో నేను మళ్లీ ఫోను చేస్తుంటాను."

"ముందు ఆ టీ తాగండి, చల్లారిపోయింది," అంటూ భార్య కప్పు ఎత్తింది. తడికి అంటుకున్న చెక్కముక్క కప్పుతో పాటే లేచి, ఊడి, బల్ల మీద తిరగబడింది.

దాని అడుగున కాపలాదారు చేతిరాతలో, ఎర్రరంగుతో ముప్పైయొకటి అని ఉంది.