సాయంత్రపు కాళ్లు

పొద్దున రావలసిన ఆడపిల్లవారు పొద్దుగూకే వేళకు వచ్చారు. మరిపెడ దాటాక బస్సు చెడిపోయిందట. వాళ్లను చూడగానే ప్రమీల దగ్గరున్న కుర్చీలో కూర్చుండిపోయింది. అబ్బాయి ఇల్లు చూసుకోవడానికి వస్తామని కబురు రాగానే, పొద్దున్నే రమ్మని పట్టుబట్టింది ఆమే.

పొద్దుటిపూట ప్రమీల అందరిలాగే నడుస్తుంది. మధ్యాహ్నం దాటితే పాదాలు లోపలికి తిరిగిపోతాయి, పిక్కలు బిగుసుకుంటాయి. సాయంత్రానికి గోడ పట్టుకోనిదే అడుగు పడదు. పడుకుని లేస్తే మళ్లీ మామూలే. చిన్నప్పటినుంచీ ఇదే వరస. డాక్టర్లు నరాల బలహీనత అని టానిక్కులు రాశారు. పొద్దున లేని కుంటితనం సాయంత్రం ఎక్కణ్ణుంచి వస్తుందని, పని ఎగ్గొట్టడానికి వేషాలని అత్తింటివాళ్లు అన్నారు. ఆ మాట పడలేక, చీకటి పడకముందే పని ముగించుకుని మంచం చేరడం ఆమెకు అలవాటైపోయింది.

కాజీపేటలోని ఆ చిన్న ఇంట్లో ప్రమీల కుర్చీలోంచి లేవకుండానే వందనాలు చెప్పింది. చాయ్ ఆమె భర్త ఫ్రాన్సిస్ అందించాడు. మేనమామతో పాటు పెళ్లికూతురు గ్రేస్ కూడా వచ్చింది. బడిలో పిల్లలకు ఆటలు నేర్పే టీచరు. ప్రమీల కొడుకు అభిషేక్ వైపు ఒక్కసారే చూసింది. తర్వాత ఆమె చూపంతా ప్రమీల పాదాల మీదే. ప్రమీల కుచ్చిళ్లు కిందికి లాక్కుంది.

గ్రేస్ లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"కాళ్లు గుంజుతానయా ఆంటీ?"

ప్రమీల లేదనబోయి, అవునని తలూపింది. ఎప్పుడు మొదలైంది, పడుకుంటే తగ్గుతుందా, పుట్టింట్లో ఇంకెవరికైనా ఉండేదా అని ఆ పిల్ల ఒక్కొక్కటే అడిగింది. తన తండ్రికి ఉండేదని ప్రమీల చెప్పింది.

"మరి అభిషేక్‌కు?"

లేదంది ప్రమీల. సంబంధం చెయ్యి జారిపోయిందని ఆమెకు అర్థమైపోయింది.

మర్నాడు గ్రేస్ ఫోన్ చేసింది. పెళ్లిమాట తర్వాత, ముందు ఆంటీని నరాల డాక్టరుకు చూపించమంది. అభిషేక్ కూడా రక్తపరీక్ష చేయించుకోవాలంది. అంగట్లో ఎద్దుకు పళ్లు చూసినట్టు చూస్తోందని ఫ్రాన్సిస్ మండిపడ్డాడు. అభిషేక్ మాత్రం గ్రేస్‌తో చాలాసేపు మాట్లాడి వచ్చి, పోదామన్నాడు. ప్రమీలకూ కోపమే వచ్చింది. కానీ తన కాళ్లు కొడుక్కి వస్తాయేమోనన్న భయం ఇన్నేళ్లుగా ఆమెను లోలోపల తినేస్తూనే ఉంది. బయల్దేరింది.

వరంగల్‌లో డాక్టరమ్మ ఆమెను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడిపించి చూసింది. తల్లీకొడుకుల రక్తం తీసి హైదరాబాదు పంపించింది.

"మెదడులో డోపమైన్ అని ఒక రసాయనం ఉంటదమ్మా. అది సరిపోను ఉంటెనే కాళ్లు మన మాట వింటయి. మీకు పుట్టుకతోనే తక్కువ తయారైతాంది. పొద్దున ఉన్నది పొద్దుగూకేసరికి అయిపోతాంది," అంది.

అంటే వేషాలు కాదన్నమాట. ప్రమీల ఆ మాటను డాక్టరమ్మ చేత ఫ్రాన్సిస్ ముందు మళ్లీ చెప్పించుకుంది.

రోజూ వేసుకోవడానికి ఓ చిన్న గోలీ రాసిచ్చారు. వారం తిరక్కముందే ఒక సాయంత్రం ప్రమీల చౌరస్తా దాకా నడిచివెళ్లి మిరపకాయ బజ్జీలు కొనుక్కొచ్చింది. ఫ్రాన్సిస్ పొట్లం అందుకోవడం మరిచి ఆమె కాళ్లనే చూస్తూ నిలబడిపోయాడు. మర్నాడు ఇద్దరూ ఊరికే స్టేషన్ దాకా నడిచొచ్చారు.

రిపోర్టులు వచ్చాయి. వంశంలో దిగే ఆ లోపం ప్రమీలకు ఉంది, అభిషేక్‌కు లేదు. ఆలుమగలిద్దరికీ ఉంటేనే పుట్టే పిల్లలకు పెద్ద ముప్పని డాక్టరమ్మ చెప్పింది. ఫోన్‌లో ఆ సంగతి విని గ్రేస్ ఏడుస్తూ, నవ్వుతూ పెళ్లికి సరేనంది. కొడుకు రక్తం బాగుందని తేలాకే ఒప్పుకుందని ప్రమీల మనసు కాస్త చివుక్కుమంది. అయినా తనను నడిపించిన పిల్ల మీద కోపం ఎంతసేపని నిలుస్తుంది?

పెళ్లి సాయంత్రమే పెట్టించింది ప్రమీల. చర్చి గేటు నుంచి వేదిక దాకా కొడుకు పక్కన నడిచింది. బయట డప్పులు మోగితే ఆడింది కూడా. అలసి కుర్చీలో కూలబడి, కోడలిని దగ్గరికి పిలిచింది.

"అంతమంది డాక్టర్లకు తెల్వంది నీకెట్ల తెలిసింది బిడ్డా?"

గ్రేస్ ఆమె చెవి దగ్గరకు వంగింది.

"రోజూ పొద్దున నేనేసుకునేది గూడ ఆ గోలీనే అత్తమ్మా."