చివరి వంతు

"ఏమప్పా మునిశేఖరా, మీ సర్వరు నిద్రపోతాండాదా? టమోటా వేలం ఈడ నిలబడిపోయింది. రైతులు నా మింద పడతాండారు!"

మదనపల్లె మండీ నుంచి వెంకటరమణప్ప ఫోన్. పొద్దుటి నుంచి ఇదే పాట. మండీ చేజారితే నీ ఉద్యోగం కూడా చేజారినట్టేనని మేనేజర్ ముందే చెప్పి ఉంచాడు.

"రెండే నిమిషాలన్నా, సూస్తాండా" అన్నాడు పుంగనూరు ఆఫీసులో మునిశేఖర్.

ఆ ఫోన్ పెట్టాడో లేదో, అతని సెల్‌కు కుప్పం ఆసుపత్రి నుంచి అమ్మ తిమ్మక్క. తుంటి ఎముకకు ఆపరేషనై మంచం మీద ఉంది. సొంతంగా పక్కకు కూడా తిరగలేదు. తోడున్న చెల్లెలు మందుల కోసం బయటికి వెళ్లింది.

"ఎదలో ఏందో పట్టేసినట్టుండాదప్పా."

అతను గోడ గడియారం చూశాడు. ఇప్పుడు బయల్దేరినా ఎప్పటికి చేరేను?

"మంచం పక్కన బెల్లుంటాది సూడమ్మా. నొక్కు, నర్సొస్తాది. ఫోన్ పెట్టేయొద్దు."

ఒక చెవి అమ్మకిచ్చి, కళ్లు తెరకిచ్చాడు.

ఉన్నది ఒక్కటే పెద్ద సర్వర్. దాన్నే ఆరు మిషన్లుగా విడదీసి ఆరుగురికి అద్దెకిచ్చింది కంపెనీ. ఉన్న ప్రాసెసర్లు పదహారు, ఇస్తామని మాటిచ్చింది నలభై. అందరూ ఒకేసారి అడగరులే అన్న ధీమా. ఈ రోజు అడిగారు. వాటికి వంతులు వేయడమే మునిశేఖర్ పని.

ఐదు మిషన్లు ఎగబడుతున్నాయి. ఆరోదానిలో చలనమే లేదు. ఎప్పుడో ఒకసారి చిన్న గీత లేచి పడిపోతుంది, అంతే. అలాంటి సోమరిదాని కోసం ఎవరో రెండు ప్రాసెసర్లు విడిగా అట్టిపెట్టారు! అతనికి ఒళ్లు మండింది. అది ఎవరిదో చూసే ఓపిక కూడా లేకపోయింది. ఆ రెండూ లాగి మండీకి ఇచ్చేశాడు. సోమరిదాన్ని అందరి వెనకా నిలబెట్టాడు. మిగతావాళ్లకు చాలి మిగిలితేనే ఇక దాని వంతు.

"నొక్కినా ఎవురూ రాలేదప్పా."

"ఇంకోసారి నొక్కమ్మా."

తెర మీద ఆరో మిషన్ ఎర్రబడింది. వంతు కావాలట, ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడు! "ఉండవే నువ్వొకటి" అని విసుక్కున్నాడు.

బల్ల మీది ఆఫీసు ఫోన్ మళ్లీ మోగింది, మండీ నుంచి. "ఆ, ఇప్పుడు గుర్రం మాదిరి పోతాండాదప్పా! ఇట్లా ఉండాల!"

ఉద్యోగం గట్టెక్కింది. కానీ అమ్మ గొంతు సన్నబడిపోతోంది.

"నొక్కతానే ఉండా... నాయనా..."

ఇక ఆగలేక ఆఫీసు ఫోన్ నుంచి వార్డుకే ఫోన్ చేశాడు. నర్సు వసంతమ్మ ఎత్తింది.

"మనుషులేనా మీరు? మాయమ్మ అంతసేపట్నుంచి బెల్లు కొడతా ఉంటే యాడుండారు?" అంటూ విరుచుకుపడ్డాడు.

"యాల సార్ అట్లా అరస్తారు? బెల్లు ముందరే కూసోనుండా. మోగనే లేదు సార్! పోతాండా, పోతాండా!"

ఫోన్ బల్ల మీద పడేసి పరిగెత్తిన చప్పుడు.

మోగలేదా? మునిశేఖర్ తెర వైపు చూశాడు. ఆరో మిషన్ ఎర్రగా, ఇంకా వంతు కోసం చూస్తూనే ఉంది. అది ఎవరిదోనని మొదటిసారి తెరిచాడు.

కుప్పం ఆసుపత్రి, రోగుల బెల్లులు.