లేడు మామయ్య

ఈమధ్య వైజాగ్‌లో లిఫ్టు లేని అపార్ట్‌మెంటైనా ఉంది గానీ, గుర్తింపు గోడ లేనిది లేదు. కూరలో ఉప్పెక్కువైనా జనం గోడ ముందుకే పోతున్నారు. గోడ మీద అనుమానితుల నిలువెత్తు బొమ్మలు వరసగా వస్తాయి. సాక్షి చిన్నపిల్లయితే, చివర ముఖం లేని బొమ్మ ఒకటి నిలబడుతుంది. పెద్దవాళ్లను మెప్పించడానికి పిల్లలు ఎవరినో ఒకరిని చూపించేస్తారు కదా, అందుకని. దొంగ వరసలో లేకపోతే ఆ బొమ్మను ముట్టుకోవాలి. పిల్లలు దాన్ని లేడు మామయ్య అంటారు.

అలాంటి ఒక అపార్ట్‌మెంటులో మేడ మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాలు పోయాయి. దొంగను చూసింది ఐదేళ్ల లిఖిత ఒక్కతే. సెక్రటరీ పైడిరాజు గారు అనుమానితులను స్వయంగా ఎంచి, ఇస్త్రీ సూరిబాబును సరిగ్గా మధ్యలో పెట్టారు. పిల్ల అతన్ని చూపిస్తే చాలు, సాయంత్రానికల్లా అతని బండి గేటు బయట ఉంటుంది.

"సరిగ్గా సూడమ్మా, ఆ నీలం చొక్కా..." అన్నారు పైడిరాజు గారు.

"మీరు మాట్లాడకండి," అంది గోడ.

లిఖిత లేడు మామయ్యను ముట్టుకుంది.

"పిల్లకి ఎవులో చాక్లెట్లిచ్చీసినారు!" అని అరిచారు పైడిరాజు గారు.

"ఇస్త్రీ బొగ్గులకే దిక్కు లేదు, చాక్లెట్లేటి బాబూ!" అన్నాడు సూరిబాబు.

అందరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. మూడో అంతస్తు వాళ్లయితే లేడు మామయ్యనే అనుమానించారు.

"మరి దొంగ ఎక్కడున్నాడే?" అంది పిల్ల వాళ్లమ్మ.

లిఖిత పైడిరాజు గారి వైపు వేలు చూపించింది.

"వరసలో లేడమ్మా. వరస పెట్టాడు."