పది రోజుల గడువు

“నిన్న మోగిందా?”

“మోగింది మేడం. మూడు కొట్టంగనే సురువైంది. గంటసేపు.”

“ఒక్కతీర్గనా, ఆగి ఆగి మోగిందా?”

“ఆగి ఆగి.”

“దారం తెగుతున్నట్టున్నది” అంది ఆమె నెమ్మదిగా.

సిరిసిల్లలో ఉండే మేడంకు మరమగ్గాల సంగతి తెలియడంలో వింతేముంది అనుకున్నాడు జలపతి. అతనిది పాత ఇనుము వ్యాపారం. ఏ వస్తువునైనా చేత్తో లేపి బరువు చెప్పగలడు. తన గోదాములో ఖాళీ మూల నుంచి వినిపించే మగ్గం చప్పుడుకు మాత్రం తూకం దొరకలేదు. ఎక్కడ దించాలో తెలియక పన్నెండు సోమవారాలుగా దవాఖాన వెనక వరండాలోని ఈ పదకొండో గదికి మోసుకొస్తున్నాడు.

మూడు నెలల కింద, జగిత్యాల నుంచి నెలకోసారి వచ్చే డాక్టరు నిద్ర మాత్రలు రాసిచ్చి, “మాటలకైతే ఇప్పుడంతా ఫోనే” అని ఒక నంబరు చూపించాడు. జలపతి ఆ నంబరుకు చేశాడు. ఒకటి నొక్కమంది, తర్వాత రెండు నొక్కమంది. పెట్టేశాడు. ఫోన్లో బేరమాడగలడు కానీ ఏడవలేడు. ఎదురుగా ‘మానసిక సలహా కేంద్రం’ అనే బోర్డు కనిపిస్తే తలుపు నెట్టాడు. ఫ్యాను కింద యాభై ఏళ్ల ఆమె కూర్చుని ఉంది. అతన్ని చూసి లేవబోయింది. మర్యాదకు లేస్తోందనుకుని, “కూసోండ్రి మేడం, కూసోండ్రి” అంటూ చెప్పడం మొదలుపెట్టాడు.

ఆమె దగ్గర కలం లేదు, కాగితం లేదు. అది అతనికి నచ్చింది. రాసుకునేవాళ్ల ముందు ఎవడూ అసలు మాట చెప్పడు. అంతా విని, “మల్ల సోమారం రెండింటికి రా సేటూ. అప్పుడు ఇటు ఎవ్వలు రారు” అంది. గదిలో ఫినాయిలు వాసన. దవాఖాన అన్నాక ఉంటుంది.

“మల్ల మొదటికెళ్లి చెప్పు” అంది ఆమె ఇవాళ కూడా.

“ఏమున్నది మేడం. నేతపని రాజమల్లు తన రెండు మరమగ్గాలు, గా సాంచాలు, తెచ్చి తుక్కుకేసిండు. పది దినాలు ఇరగ్గొట్టకు సేటూ, చీరల ఆర్డరు వస్తదంటున్నరు, మల్ల నేనే తీస్కపోత అన్నడు. సరే అని మాటిచ్చిన. నాలుగో దినం హైదరాబాద్ లారీ అచ్చింది. సగం ఖాళీగ పోతదని ఇరగ్గొట్టి ఎక్కిచ్చిన.”

“తర్వాత?”

“ఆరో దినం అచ్చిండు. ఖాళీ మూల చూసిండు. తిడితే బాగుండు. తిట్టలే. మంచినీళ్లడిగి తాగిండు, పోయిండు. తెల్లారి సచ్చిపోయిండని ఖబరచ్చింది.” జలపతి అరచేతులు మోకాళ్లకు రుద్దుకున్నాడు. “పొద్దుగాల ఇంట్ల లొల్లయిందట. పెండ్లాం మాటలు పడలేక సచ్చిండని ఊరంత అన్నది. నేను నోరు తెర్వలే. సావుకు గూడ పోలే.”

“ఇంటామె మీద ఏమన్న అన్నడా, ఆ దినం?”

ప్రతి సోమవారం ఆమె ఈ ప్రశ్న అడుగుతుంది. అడిగి కిటికీ వైపు చూస్తుంది.

“ఒక్క మాటనలే. సాంచాలు దించిన నాడైతే, ఆర్డరస్తే ఇంటిదానితోని బీడీలు చుట్టుడు మాన్పిస్త, దాని దగ్గు ఆగుతలేదు అన్నడు.”

ఆమె చాలాసేపు కిటికీ వైపే చూసింది.

“నిన్న రాజమల్లు ఇంటికి పోయిన మేడం” అన్నాడు జలపతి. “తాళమున్నది. ఆయన పెండ్లాం తంగళ్ళపల్లిల చెల్లె కాడ ఉంటున్నదట. ఆమెను నేనెన్నడు చూడలే. తుక్కు బేరం మొగోళ్లతోనే గద. ఇయ్యాల పోత. నీ పెనిమిటిని నువ్వు సంపలే, నా మాట సంపిందని చెప్పాలె. తిట్టినా, కొట్టినా సరే. గా మాట చెప్తెనే సాంచ ఆగుతది.”

సంచిలోంచి ఒక చెక్క నాడె తీశాడు, మగ్గంలో దారం మోసేది. “గిదొక్కటే లారీల పోలే. ఆమెకిస్త.”

ఆమె అందుకుంది. కళ్లు కిటికీ మీదే ఉన్నా, బొటనవేలు వెళ్లి చెక్క అరిగిన చోట ఆగింది.

తలుపు తెరుచుకుంది. భుజానికి బ్యాగుతో ఒక అమ్మాయి.

“నేను వందన. కోరుట్ల నుంచి ఇటేసిండ్రు, ఈ గదికి కొత్త కౌన్సిలర్‌ను. ఏడాది సంది పోస్టు ఖాళీనేనంట గద. లచ్చవ్వంటే నువ్వేనా? జర గా టేబుల్ తుడువమ్మా, రిజిస్టర్ తెచ్చుకుంట” అని ఆఫీసు వైపు వెళ్లింది.

కుర్చీలో ఉన్న ఆమె లేచి, తలుపు వెనక నుంచి గుడ్డ తీసుకుంది.

జలపతి ఆమె చేతిలోని గుడ్డను చూశాడు.

“నువ్వు మేడంవు కాదా?”

“ఊడ్చేదాన్ని సేటూ. ఆర్నెల్లయింది పనిల చేరి.”

“మరి ఒక్కనాడన్న చెప్పకపోతివి?”

“మొదటి దినం నువ్వు చెప్పనిస్తివా? తర్వాత నాకే వినబుద్ధయింది.”

అతనికి కోపం రావాలి. రాలేదు. పన్నెండు వారాలు మోసినందుకు కూలి అడగని మనిషి ఆమె. మోసపోయానని ఎలా లెక్క కట్టాలి? గడియారం మూడుకు దగ్గరవుతోంది. లేచి చెయ్యి చాపాడు.

“గా నాడె ఇటియ్యి లచ్చవ్వా. తంగళ్ళపల్లి ఆటో దొరుకుతది.”

ఆమె ఇవ్వలేదు. కొంగులో చుట్టి నడుముకు దోపుకుంది.

“తంగళ్ళపల్లికి పోకు సేటూ. ఆమెకు అన్నీ ఎరికే.”

“ఎట్ల? ఎవలు చెప్పిండ్రు?”

ఆమె టేబుల్ తుడవడం ఆపింది.

“మొదటి సోమారమే నువ్వు చెప్పినవు.”