బాక్సు మీద చెయ్యి

సుబ్బరాజు బూట్లు కూడా విప్పకుండా టీవీ దగ్గరికెళ్లి సెట్‌టాప్ బాక్సు మీద అరచెయ్యి పెట్టాడు. చురుక్కుమంది.

"ఇదిగో, ఇవాళా పెనమే."

వెనకే వచ్చిన మెకానిక్ సూరిబాబు తల గోక్కున్నాడు. సాయంత్రం వార్తలు మొదలవగానే బాక్సు ఆరిపోతోందని అతన్ని పిలవడం ఇది నాలుగోసారి. మొదటిసారి వచ్చి బాక్సు మీద సుబ్బరాజు భార్య వైదేహి కప్పిన లేసు గుడ్డా, దాని మీద వెంకన్న పటమూ తీయించాడు. రెండోసారి అద్దాల అలమరలోంచి బయటికి తెచ్చి, కింద సీసా మూతలు పెట్టి ఎత్తు చేశాడు. మూడోసారి అడాప్టరు మార్చాడు. ఇవాళ చేతులెత్తేశాడు.

"బాక్సులో ఏం లేదు సార్. ఇంత కాగాలంటే పొద్దుట్నించీ ఆడుతూ ఉండాలి. పగలు ఇంట్లో ఎవరుంటారు?"

పాపం, మామూలుగానే అడిగాడు. సుబ్బరాజు చూపు పనిమనిషి అచ్చాయమ్మ మీదికి పోయింది.

ఏడున్నరకల్లా మొగుడూ పెళ్లాం కలిసే లిఫ్టు దిగుతారు. అతను కారెక్కుతాడు, వైదేహి ఆఫీసు బస్సు ఆగే మలుపు వైపు నడుస్తుంది. పది నెలల అక్షయని రాజోలు నుంచి వచ్చిన ఈ అచ్చాయమ్మకే అప్పజెప్పారు. అసలే 2009, మాంద్యం రోజులు. ఈ అబుదాబిలో పెద్ద చదువులవాళ్లకే దిక్కు లేదు. ఉద్యోగం పోయిన పెళ్లాన్ని పక్క ఫ్లాటు మల్లికార్జునరావు నెల తిరక్కుండా ఇండియా విమానం ఎక్కించేశాడు. మంచి పని చేశాడని సుబ్బరాజు మెచ్చుకున్నాడు కూడా. అలాంటి రోజుల్లో ఈవిడగారికి సీరియళ్లా?

"పాపని మూల కూచోబెట్టి టీవీ చూస్తున్నావా?"

"నేను టీవీ పెట్టలేదండి బాబుగారూ."

"మరి బాక్సు దానంతటదే కాగిందా?"

అచ్చాయమ్మ నేల చూపులు చూసింది.

భీమవరంలో సుబ్బరాజు తండ్రి ఇంటికి రాగానే టీవీ వీపు తడిమేవాడు, వెచ్చగా ఉంటే పిల్లల వీపులు చీరేవాడు. కొడుక్కి ఆస్తి రాలేదుగాని ఆ చెయ్యి వచ్చింది. ఆ చెయ్యే సాక్షి, అదే జడ్జి. సుబ్బరాజు అచ్చాయమ్మతో వీసా ఖలాస్, ఇక ఊరెళ్లిపో అన్నాడు. ఊళ్లో కూతురి నర్సింగు చదువు ఈ పని మీదే నడుస్తోందని అచ్చాయమ్మ చెప్పుకోలేదు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

పాపనెత్తుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డ వైదేహి "పోనీలెండి, ఈసారికి" అంది. అంత నెమ్మదిగా అంటే ఎవడికి వినపడుతుంది? ఇలాంటి ఇళ్లలో జాలి ఎప్పుడూ ఇంతే, గొంతు దాటి రాదు.

శుక్రవారం టాక్సీ వచ్చింది. అచ్చాయమ్మ సంచీ అచ్చాయమ్మే మోసుకుంది. ఆవిడ చెయ్యి పట్టుకుని వైదేహి ఏదో చెప్పబోయింది.

"పాపకి పాలు వేడిగా పట్టకండమ్మా, నాలిక కాలుద్ది. మీరేం బెంగెట్టుకోకండి," అంది అచ్చాయమ్మ.

టాక్సీ మలుపు తిరిగాక కూడా వైదేహి ఆ మండుటెండలో అలాగే నిలబడిపోయింది.

పాప కోసం వారం రోజులు సెలవు పెట్టానంది. ఇంట్లో ఉండి కూడా రిమోటు ముట్టలేదు. సుబ్బరాజు రోజూ వచ్చి చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది.

"చూశావా, నేను చెప్పలా?" అన్నాడు.

వారం తిరిగాక వైదేహి, ఇక పాపని ఎవరి చేతిలోనూ పెట్టలేననీ ఉద్యోగం మానేశాననీ చెప్పింది. సుబ్బరాజు కరిగిపోయాడు. తల్లంటే అలా ఉండాలని వాళ్లమ్మకి ఫోన్ చేసి మరీ పొగిడాడు. వైదేహి బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆమె ఉద్యోగం పోయి అప్పటికే రెండు నెలలు.